చిల్లు చేసిన తప్పు

ఓ క్లారినెట్ కచేరీ మీద రాస్తూ, "పై స్థాయికి ఎక్కే మెట్టు దగ్గర నాదం పూడుకుపోయింది, సాధన చాలదు" అని తేల్చేశాను. పొరపాటు నాదే.

సన్నాయి గొట్టం శంఖువులా విచ్చుకుంటుంది. షడ్జమం నుంచి దూకితే పై షడ్జమమే. క్లారినెట్ గొట్టం చాలామటుకు సమానం; అందుకే ఏకంగా పై పంచమానికి దూకుతుంది. ఆ దూకుడుకి దారిచ్చేది ఎడమ బొటనవేలి మీట కింది బుల్లి చిల్లు. నిజానికి ఒక్కో స్వరానికి అది ఒక్కోచోట ఉండాలి. ఉన్నదేమో ఒక్కటే! పైగా కింది స్థాయి చిట్టచివరి స్వరాన్నీ అదే పలికించాలి. ఆ స్వరానికి చిల్లు చాలదు. పెద్దది చేస్తే పై స్వరాలు చెడతాయి.

ఒక్క కోడలే వంటా, వడ్డనా చూసుకున్నట్టు! ఆ ఇరుకులోంచి కూడా స్వరాన్ని నిండుగా లాగడమే సాధన. ఆ మాట నేను రాయలేదండీ.