చావైన పాపము, మన్నింపు

తెలుఁగున క్రైస్తవవాఙ్మయమును విమర్శించినవారు పెక్కండ్రు రెండు ప్రశ్నలతో విరమించుచున్నారు. ఛందోవ్యాకరణములయందుఁ గవి నిర్దుష్టుఁడా యనునది మొదటిది. పరమతకథను బ్రబంధమర్యాదల కెట్లు లోఁబఱచెననునది రెండవది. పదునెనిమిదవ శతాబ్దమున మంగళగిరి యానందకవి రచించిన వేదాంతరసాయనమును గూర్చిన ప్రసంగములు సయితము చాలవఱకు నీగతినే నడచినవి. 1964వ సంవత్సరమున జాషువ క్రీస్తుచరిత్రమునకుఁ గేంద్ర సాహిత్య అకాడమి బహుమానము లభించిన తరువాతఁ గూడ నీస్థితి యంతగా మాఱలేదు. ఈ ప్రశ్నలు తగనివి కావు. కాని వీనితో నాగినచో నీ వాఙ్మయమునకుఁ బ్రాణమైన మాట లెవ్వి, యవి యెచ్చటినుండి వచ్చినవి, తెలుఁగునఁ బ్రవేశించి యే యర్థచ్ఛాయలఁ దాల్చినవి యను విచారము మిగిలిపోవును. క్రైస్తవకావ్యమునకు వస్తువు పాపియు, వానిని మన్నించు దైవమును. పాపమన నేమో, మన్నింపన నేమో తెలియక యా కావ్యముల రసపోషణమును దూఁచుట రోగ మెఱుఁగక మందును మెచ్చుకొనుట వంటిది. ఆనందకవి తన కృతికి రసాయనమని పేరిడుటయే యీ విషయమున నొక సూచన. రసాయనము అష్టాంగాయుర్వేదమున నొక యంగము. జరావ్యాధులను దొలఁగించి యాయువును నిలుపునది. అట్టి మందు కావలసివచ్చిన చావు ఏది?

కతోలికుల తెలుఁగు ధర్మోపదేశములయందు మనుష్యుఁడు చేయు పాపములు రెండు తెగలు: చావైన పాపము, స్వల్పపాపము. ఈ పరిభాషకు మూలము తెలుఁగునాఁట లేదు. 1700 ప్రాంతమున ఫ్రెంచి జెసూటు గురువులు పుదుచ్చేరినుండి బయలుదేఱి, మధుర మిషనువారి పద్ధతుల ననుసరించి, పుంగనూరు మొదలగు తావులఁ గర్ణాటక మిషనును నెలకొల్పిరి. వారు తెచ్చిన మాటలు పెక్కు అఱవమున రూపొందినవే. దేవద్రవ్యానుమానము మొదలగు పదములు రెండు భాషల కతోలికులకును సమానములు. చావైన పాపమును నట్టిదే. అఱవమున దానిని 'సావాన పావ'మందురు. సంస్కృత లాటిను భాషల సాదృశ్యమును 1767లోఁ బారిసు పండితులకు జాబుగా వ్రాసిన కేర్దూ గురువు ఈ మిషనువాఁడే. కాఁబట్టి పదముల తూనిక తెలిసినవా రందు లేకపోలేదు.

ఈ పదమున వ్యాకర్త గమనింపఁదగిన విశేష మొకటి కలదు. 'అయిన' చేరి యేర్పడు విశేషణములు తెలుఁగున నసంఖ్యాకములు. కాని 'చావైన పాపము' అనునప్పుడు పాపము చావును గలిగించునని గాని, చావునకుఁ దగినదని గాని యర్థము స్వరసముగా రాదు. పాపమే చావని వచ్చును. ప్రొటెస్టాంటుల తెలుఁగు బైబిలున, యోహాను మొదటి పత్రిక యైదవ యధ్యాయమున, నీ భావమునకు 'మరణకరము' అను మాట వాడఁబడినది. అందుఁ గార్యకారణభావము స్పష్టము. పాపము ముందు, మరణము తరువాత. గ్రీకుమూలమున మరణమువైపునకు నడపునను నర్థముండుటచే మూలమునకు మరణకరమే దగ్గఱ. సిద్ధాంతమునకు మాత్రము చావైన పాపమే దగ్గఱ. ఏలన, కతోలికమతమున వరప్రసాదము ఆత్మకుఁ బ్రాణము. పాపము చేసిన క్షణముననే యది తొలఁగును. శరీరము తిరుగుచునే యుండును, తినుచునే యుండును, ఆత్మ మృతము. చావు రేపు రాఁబోవు దండనము కాదు, నేఁడే జరిగినది. ఈ సూక్ష్మము నొక దేశ్యవిశేషణమునఁ బట్టి యుంచిన పండితుఁ డెవ్వఁడో కాని మెచ్చఁదగినవాఁడు.

పాపము చావైనదగుటకు మూఁడు లక్షణములు చెప్పఁబడినవి. విషయము గురుతరమై యుండవలెను; చేయువానికిఁ బూర్ణజ్ఞాన ముండవలెను; పూర్ణసమ్మతి యుండవలెను. మూఁటిలో నొకటి లోపించిన నది స్వల్పపాపమే. 1551లో ట్రెంటు మహాసభ, జ్ఞప్తికి వచ్చిన చావైన పాపముల నన్నిఁటిని గురువునెదుటఁ బాపసంకీర్తనమునఁ జెప్పవలెననియు, స్వల్పపాపములను జెప్పుట మంచిదే యైనను నియతము కాదనియు నిర్ణయించెను. మనస్తాపమునందును భేదము గలదు: నరకభీతిచేఁ గలుగునది యొకటి, దేవునిపైఁ బ్రేమచేఁ గలుగునది యొకటి. రెండవదే యుత్తమ మనస్తాపము. లూథరు మొదలగువా రీ విభాగమును నిరాకరించిరి. వారిమతమున నే పాపమైనను స్వభావముచే మృత్యువే. విశ్వసించినవానికి మన్నింపఁబడినది గావున దండన లేదు. 1746 మొదలుకొని జర్మనీలోని హాలె నగరమున షుల్జి తెలుఁగున నచ్చొత్తించిన పుస్తకము లీ లూథరు సంప్రదాయమునకుఁ జెందినవి.

మన పండితులకు చావైన పాపమనఁగనే మహాపాతకములు తోఁచుట సహజము. బ్రహ్మహత్య, సురాపానము, స్తేయము, గురుతల్పగమనము, ఈ నలువురితోడి సంసర్గము: మనువు పదునొకండవ యధ్యాయమునఁ జెప్పిన యీ యైదును, వీనికి లోఁబడిన యుపపాతకములును జూచినచోఁ బెద్దపాపము, చిన్నపాపము నను విభాగము మనకును గలదని తేలును. సామ్య మింతటితో నాగదు. తెలిసి చేసినది, తెలియక చేసినది యను భేదమును స్మృతికారులు విపులముగాఁ జర్చించిరి. తెలియక చేసినదానికే ప్రాయశ్చిత్తమని కొందఱు, తెలిసి చేసినదానికిని గలదని కొందఱు నందురని మనువు రెండు పక్షములను జూపెను. తాను చేసిన పాపమును దానే వెల్లడించుటయు ననుతాపమును బాపమును దొలఁగించు సాధనములలోఁ జేర్చెను. వెల్లడి కాని పాపములకు రహస్యప్రాయశ్చిత్తములను వేఱుగా విధించెను. కావున హిందువులకుఁ బశ్చాత్తాప మెఱుకలేదని వ్రాయు వారిమాట గ్రంథమును జూడక వ్రాసినది.

యాజ్ఞవల్క్యుఁ డింకను లోఁతునకుఁ బోయెను. తెలియక చేసిన పాపము ప్రాయశ్చిత్తముచే నశించును. తెలిసి చేసినవానికిఁ బ్రాయశ్చిత్తము లోకమున వ్యవహారయోగ్యతను మాత్ర మిచ్చునని యతనిమాట. అనఁగాఁ దోటివారు వానితోఁ గలసి మెలఁగవచ్చును, లోపలి పాపము మాత్ర మట్లే యుండును. మితాక్షర యీ చర్చను విస్తరించినది. పదుమూఁడవ శతాబ్దమునఁ గేతన విజ్ఞానేశ్వరీయమున నీ శాస్త్రమును దెలుఁగుపద్యమునకుఁ దెచ్చినాఁడు. కతోలికసిద్ధాంత మిందుకుఁ దలక్రిందు. పాపసంకీర్తనముచే నాత్మకు నిత్యదండన తొలఁగును, ప్రాణము మరల వచ్చును. కాని కొంత కాలికదండన మిగులును, దానిని జీవితమునఁ గాని యుత్తరించు స్థలమునఁ గాని తీర్పవలెను. ఒకచోట వెలుపల శుద్ధి, లోపల శేషము. ఇంకొకచోట లోపల జీవము, వెలుపల శేషము.

అయినను మహాపాతకమును జావైన పాపమును నొకటే యనుట పొరపాటు. స్మృతులందుఁ బాపము కర్త నంటిన దోషము; మలినవస్త్రమును ఉదికినట్లు ప్రాయశ్చిత్తము దానిని బోఁగొట్టును. ఇందుఁ గర్తయు, కర్మయు, నిష్కృతియు నున్నవి. నొచ్చినవాఁ డొకఁడు, వాఁడు మన్నింపవలెనను మాట ప్రాయశ్చిత్తప్రకరణమునకుఁ బ్రధానము కాదు. క్రైస్తవమున నదియే ప్రధానము. చావైన పాపము మొదట నొక వ్యక్తికిఁ జేసిన ద్రోహము. అతనివలననే ప్రాణము వచ్చుచున్నది గావున నతని విడుచుటయే చావు.

దీనికి సరియైన యుపమానము ధర్మశాస్త్రమునఁ గాక యితిహాసమున దొరకును. కిష్కింధాకాండమున, వర్షర్తువు గడచినను సీతాన్వేషణమునకుఁ బూనుకొనక భోగములందు మునిఁగిన సుగ్రీవునితో లక్ష్మణుఁడు కఠినముగా మాటాడును. బ్రహ్మహంతకునకు, సురాపునకు, చోరునకు, వ్రతభ్రష్టునకు నిష్కృతి కలదు. కృతఘ్నునకు లేదని యతఁడు చెప్పినది ప్రసిద్ధము. ఆ పట్టికను మరలఁ జూడవలెను. మహాపాతకములలో మొదటి మూఁడు నందే యున్నవి, వానికి నిష్కృతియు నున్నది. వానికంటెఁ బైఁబడినది ఖడ్గముతోఁ గాని మద్యముతోఁ గాని చేసిన క్రియ కాదు, ఉపకారిని మఱచుట. సుగ్రీవుఁడు రాజ్యమును రామునివలనఁ బొందినాఁడు, పొంది రాముని విడిచినాఁడు. తెలుఁగు పాఠకునకు చావైన పాపమును వివరింపఁగోరు నుపాధ్యాయుఁడు మహాపాతకముల పట్టికకంటెఁ గృతఘ్నతను జూపుట యుక్తము.

ఇంక రెండవ మాట. హైదరాబాదునకుఁ దూర్పున, విజయవాడ బాటపై వెలసిన వనస్థలిపురము వంటి పేటలలో గుంటూరుసీమ కతోలిక కుటుంబమును, నల్లగొండసీమ బాప్తిస్టు కుటుంబమును బ్రక్కప్రక్కఁ గాపురముండుట కలదు. క్రీస్తు నేర్పిన ప్రార్థన రెండిండ్లను నొకటే, మాటలు వేఱు. ఒకయింట 'అప్పు', 'మన్నించు'. వేఱొకయింట 'ఋణము', 'క్షమించు'. అర్థ మొకటే యని తోఁచును గాని యట్లు కాదు. ఋణమనఁగానే మనకు ఋణత్రయము జ్ఞప్తికి వచ్చును. బ్రహ్మచర్యముచే ఋషిఋణమును, యజ్ఞముచే దేవఋణమును, సంతానముచేఁ బితృఋణమును దీఱునని తైత్తిరీయసంహిత చెప్పుచున్నది. ఋణము తీర్పవలసినది; మాఫు చేయు ఋణదాత యందుఁ గానరాఁడు. అప్పు అట్లు కాదు. అప్పిచ్చినవాఁ డెదుట నుండును, పత్రము చింపివేయుట వాని చేతిలోని పని.

'క్షమాపణ'యును జిక్కైన పదమే. అపరాధక్షమాపణ స్తోత్రముల వినికి గల పండితునకది వేఁడుకొనుటను దెల్పును. తెలుఁగు బైబిలునఁ బాపక్షమాపణ యనునది దేవుఁ డిచ్చునది, మనుష్యుఁడు పొందునది. అడుగుటకును నిచ్చుటకును నొకే పదము చాలినచోఁ బాపి నోరు తెఱచుటయే మోక్షమను భ్రమ కలుగవచ్చును. 'మన్నించు' నందీ చిక్కు లేదు. పైఁగా నొక లాభము గలదు. మన్నన యనఁగా గౌరవము. పెద్దల మాట మన్నించుట యనునప్పుడు ఆదరించుట, తప్పు మన్నించుట యనునప్పుడు విడిచిపెట్టుట. తప్పును విడుచుటయుఁ దప్పు చేసినవానిని గౌరవించుటయు నొకే క్రియలోఁ గూడియుండుట తెలుఁగు చేసికొన్న పుణ్యము.

కీర్తనలందీ భేదము తెలియవచ్చును. పురుషోత్తమ చౌధరి (1803–1890) రచనలు ఆంధ్రక్రైస్తవకీర్తనలలోఁ జేరి, రాగతాళములతో నేఁటికిని బాడఁబడుచున్నవి. ప్రొటెస్టాంటు మతమునఁ బాపముల తరతమములు లేవు గావున నా మార్గమునఁ బాడు పాపి సాధారణముగాఁ దాను చేసినది ఫలానా యని చెప్పఁడు; సర్వము పాపమే యని శరణు చొచ్చును. దీనిచే దైన్య మేకధారగాఁ బ్రవహించును. లోపమును గలదు. పాపము పేరు లేనిదగుటచేఁ గొన్నిచోట్ల బరువు లేనిదగును. కతోలికుని పాపసంకీర్తనమున సంఖ్యయుఁ బేరును గలవు. రసము సన్నగిల్లినను సత్య మెక్కువ.

కథలలో నీ విషయము మఱింత స్పష్టపడును. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున నిగమశర్మ తల్లిదండ్రుల యింటిని, తుదకుఁ దోఁబుట్టువు నగలను సయితము దోఁచినవాఁడు. ఆ యక్క మాటలు, ఆ తెల్లవాఱిన యింటి దుఃఖము తెలుఁగుకవిత్వమున నరుదైన చిత్రము. కాని నిగమశర్మ తరించినది క్షేత్రమహిమచేత. అక్క మన్నించెనో లేదో కథకు నక్కఱ లేదు. ఏర్చూరి సింగన తెలిఁగించిన భాగవత షష్ఠస్కంధమున నజామిళుఁడు నామమహిమచేఁ దరించెను. నామముచ్చరించినప్పు డతని మనసునఁ గుమారుఁ డుండెనే కాని దేవుఁడు లేఁడు. ఈ రెండు కథలును మహిమను జాటుటకుఁ బుట్టినవి గావున వాని నందులకు దూషించుట యవిమర్శ. లూకా పదునైదవ యధ్యాయమునందలి తప్పిపోయిన కుమారుఁడు వేఱు. వాఁడును దండ్రియాస్తిని బాడుచేసినవాఁడే. వాఁడు తిరిగి వచ్చునపుడు కూలివానిగా నుంచుమని యడుగుదునని మాటలు కూర్చుకొనును. అది వాని ప్రాయశ్చిత్తము. తండ్రి దానిని ముగియనీయఁడు. పరుగెత్తి కౌఁగిలించుకొని, వస్త్రమును, ఉంగరమును, చెప్పులను దెప్పించును. తప్పు విడుచుటయు మన్నన చేయుటయు నొకటే యైనది. ఇంతకంటె ముఖ్యము, ఆ తండ్రి తన కుమారుఁడు చచ్చి బ్రదికెనని చెప్పుట. వాఁడు చావలేదు, పరదేశమునఁ బందులను మేపుచుండెను. తండ్రియింటిని విడిచిన యా కాలమును దండ్రి చావనినాఁడు. చావైన పాపమను పదమునకు నీ కథకంటె మంచి వ్యాఖ్య లేదు.

పెద్దకొడుకు కోపము నింత తేలికగాఁ ద్రోసివేయరాదు. ఏ నిష్కృతియు లేక యీ విందేమని వాఁ డడిగిన ప్రశ్న స్మృతికారు లడుగఁదగినదే. ఆ ప్రశ్నకుఁ గథ సమాధానము చెప్పలేదు. వాఁడు లోపలికి వచ్చెనో లేదో కూడఁ జెప్పలేదు.

సుగ్రీవునికథయు నట్లే ముగిసినది. కృతఘ్నునకు నిష్కృతి లేదన్న లక్ష్మణుఁడు తార మాటలకు మెత్తఁబడెను. సుగ్రీవుఁడు ప్రాయశ్చిత్త మేదియుఁ జేయలేదు. తప్పు జరిగినచో మన్నింపుమని యడిగి, వెళ్లి రామునిపాదములపైఁ బడెను. రాముఁ డెత్తి కౌఁగిలించుకొనెను. దానికి ముందే, తాను పలికిన పరుషములకు క్షమింపుమని లక్ష్మణుఁడే సుగ్రీవుని వేఁడియుండెను.