దస్త్రాల గదిలో శాస్త్రమెంత?

2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి ఖమ్మం నగరములో ఏటి ఒడ్డు కాలనీలను ముంచివేసినది. నీరు తీసిన తరువాత ఇండ్లవారు లెక్క చూసుకొన్న నష్టములో బియ్యము, పరుపులు, వంటసామానుతో పాటు కాగితములు కూడ ఉన్నవి. పదవ తరగతి మార్కుల పత్రము, ఇంటి పట్టా, బిడ్డ జనన ధ్రువపత్రము, ఇవి ఒకసారి బురదలో నానినవంటే చేతికెత్తగానే ముద్దలుగా విడిపోతాయి. అయినను వీటికి మారు పత్రములు పుట్టించవచ్చును. ఎందుచేతనంటే ఇంటి బీరువాలో ఉండేది చాలవరకు నకలు మాత్రమే. అసలు ఏదో ఒక కార్యాలయములో, ఏదో ఒక రిజిస్టరులో, ఏదో ఒక పుటలో ఉన్నది. నకలు పోయినవాడు అసలు దగ్గరకు పోతాడు. అసలే పోయిననాడు ఎవరి దగ్గరకు పోవలెను?

ఇది పరిపాలనకు సంబంధించిన ప్రశ్న అని శాస్త్ర విద్యార్థులు పక్కకు తప్పుకొనుట వాడుక. నిజానికి ఇందులో సగము రసాయన శాస్త్రము, కొంత జీవశాస్త్రము, మిగిలినది వర్గీకరణ. దస్త్రాల సంరక్షణ అనగా గదికి తాళము, మూటకు ఎర్రగుడ్డ, ఈ మధ్య కాలములో స్కానింగు యంత్రము అని మన కార్యాలయములలో సాధారణముగ భావిస్తారు. వీటి ఉపయోగము వీటికున్నది. కాని దస్త్రము ఏయే మార్గములలో చెడిపోతుందో తెలిసికొనకుండ వీటిని నమ్ముకొనుట, రోగమేదో చూడకుండ మాత్ర మ్రింగినట్లే.

2012లో కార్పొరేషన్ అయిన ఖమ్మం వంటి నగరపు పాలక సంస్థ దగ్గర ఉండే దస్త్రములు సామాన్యమైనవి కావు. జనన మరణాల రిజిస్టర్లు, ఇంటి పన్ను మదింపు పుస్తకములు, కట్టడాల అనుమతులు, ప్లానులు, పాలకవర్గపు తీర్మానముల పుస్తకములు, భూమిలోపల పోయే నీటి గొట్టాల పటములు ఇట్టివే. వీటిలో జనన రిజిస్టరును చూడుడు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టమునకు 2023లో జరిగిన సవరణ ప్రకారము, ఆ ఏడు అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరుటకు, ఓటరు జాబితాకు, డ్రైవింగు లైసెన్సుకు పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే ఆధారము. ఈ రోజు వ్రాసిన ఒక్క పంక్తి 80 ఏండ్ల తరువాత కూడ చదవబడవలెను. ఉన్నత పాఠశాలలోని అడ్మిషన్ రిజిస్టరుకు కూడ ఈ మాట వర్తిస్తుందని ఉపాధ్యాయులు వేరుగా చెప్పనక్కరలేకుండనే గ్రహిస్తారు.

ఎనుబది ఏండ్లు బ్రతికే కాగితము మీదనే ఆ పంక్తి వ్రాయబడుచున్నదా? హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాను, ఔరంగజేబుల కాలపు మొగలు పత్రములు సుమారు లక్షా ఏబదివేలు ఉన్నవి. 17వ శతాబ్దములో చేతితో చేసిన కాగితము మూడు వందల ఏండ్లు దాటియు నిలిచినది. ఇరవయ్యవ శతాబ్దపు రిజిస్టరు మాత్రము ఏబది ఏండ్లకే అంచులు గోధుమరంగుకు తిరిగి, పుట త్రిప్పగానే అప్పడమువలె విరుగుతుంది. పాతవారి చేతి మహిమ అని సరిపెట్టుకొనుట సులభము, కాని దీని కారణము స్పష్టముగ తెలిసినదే. 1807లో జర్మనీలో ఇల్లిగ్ అనే ఆయన, సిరా కాగితముపై అలుకుకొనకుండుటకు పటికను, చెట్టు బంక నుండి తీసిన రోజిన్‌ను గుజ్జులో కలిపే పద్ధతి కనిపెట్టినాడు. పద్ధతి చవక, ఫలితము తక్షణము. కాని పటిక, గాలిలోని తేమతో కలిసి, కాగితములో ఆమ్లతను పుట్టిస్తుంది. కాగితమునకు బలమునిచ్చేది సెల్యులోజ్ అణువుల పొడవైన గొలుసులు. ఆమ్లము ఆ గొలుసులను నడుమ నడుమ త్రెంచివేస్తుంది. తరువాత గుడ్డపేలికలకు బదులు కలపగుజ్జు వచ్చినది. అందులోని లిగ్నిన్ వెలుతురుకు పచ్చబడి, తానుగూడ ఆమ్లములను పుట్టిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దపు మధ్యభాగములో అమెరికాలో విలియం బారో వందలకొలది పుస్తకములను పరీక్షించి, కాగితము పెళుసుబారుటకు ప్రధాన కారణము వయస్సు కాదు, లోపలి ఆమ్లమేనని నిరూపించినాడు. అనగా శత్రువు తాళము వేసిన గదిలోనే, మూటలోపలనే కూర్చున్నాడు.

విద్యార్థులు దీనిని చిన్న ప్రయోగముతో చూడవచ్చును. పాత వార్తాపత్రిక ముక్కను, మంచి తెల్లకాగితపు ముక్కను కొద్దిపాటి స్వేదనజలములో వేరువేరుగ నానబెట్టి, ఆ నీటిని పి.హెచ్. కాగితముతో పరీక్షించవలెను. రెండింటి సంఖ్యలు ప్రక్కప్రక్కన వ్రాసి చూస్తే చాలును.

విచారించదగిన సంగతి ఏమంటే, మంచి కాగితము దొరకనిది కాదు. ఆమ్లము లేకుండ, కొంత కాల్షియం కార్బొనేటును నిలువగా ఉంచుకొనే శాశ్వత కాగితమునకు 1994లోనే అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడినది. భద్రాచలమునకు ఎదుటి ఒడ్డున సారపాకలో 1979 నుండి పెద్ద కాగితపు మిల్లు నడుచుచున్నది. చుట్టుపట్ల రైతులు జామాయిల్, సుబాబుల్ వేసేది దాని గుజ్జు కొరకే. కాగితమును గురించి ఇంత తెలిసిన ప్రాంతములో, రిజిస్టర్లు కొనేటప్పుడు పుటలెన్ని, అట్ట మందమెంత, ధర ఎంత అని చూచినంతగా కాగితపు పి.హెచ్. ఎంత అని చూడకపోవుట లోపమే. పైసా ఖర్చులేని ప్రశ్న అది.

ఇక తేమ సంగతి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65, 70 శాతము దాటి కొన్నాళ్ళు నిలిస్తే బూజు పట్టుట మొదలవుతుంది. అడవి అంచు ఊళ్ళలో వానకాలము నెలల తరబడి ఇదే పరిస్థితి. గాలి ఆడని గదిలో నేలమీద పేర్చిన మూట చెదలకు పెట్టిన భోజనము. పూర్వము కరణాలు తాటాకు కవిలెల నడుమ వేపాకు వేసేవారు. పురుగును కొంత తరిమేది గాని, బూజును ఆపేది కాదు. వారి అలవాటులో మనము విస్మరించిన మేలు మరొకటున్నది: కట్టను అప్పుడప్పుడు విప్పి చూచుట. ఈ కాలపు దురలవాటు లామినేషన్. ధ్రువపత్రమును వేడి ప్లాస్టిక్ పొరలలో అతికిస్తే నీరు తగలదని అందరును చేయించుచున్నారు. కాని లోపలి ఆమ్లము లోపలనే చిక్కుకొనును, పొరను మరల ఊడదీయుట సాధ్యముకాదు. ఒకప్పుడు ప్రపంచములోని పెద్ద దస్త్రాగారములు సైతము సెల్యులోజ్ అసిటేట్ పొరలను వాడి, ఆ పొరే కాలక్రమమున చెడిపోవుట చూచి వెనుకకు తగ్గినవి. దొడ్డి దారిన వచ్చే నీటికి సంచి చాలును, అతికించనక్కరలేదు.

వరదలో మునిగిన దస్త్రమునకు గడువు రెండు మూడు దినములే. ఆ తరువాత బూజు రాజ్యమేలుతుంది. 1966 నవంబరు 4న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరమును ఆర్నో నది ముంచినప్పుడు, తడిసిన పుస్తకములను పొగాకు ఆరబెట్టే కొలిమిగదులలో ఆరబెట్టినారు. పొగాకు బ్యారన్లు ఎరిగిన మన రైతులకు ఇది వింతగ తోచదు. ఆ అనుభవము తరువాత మంచి మార్గము ప్రచారములోనికి వచ్చినది: ముందు గడ్డకట్టించి బూజును ఆపుట, తరువాత తీరికగా, వాయుపీడనము తగ్గించిన గదిలో మంచును నేరుగా ఆవిరిచేయుట. 2009 మార్చి 3న జర్మనీలో కొలోన్ నగరపు దస్త్రాగారము, దగ్గరలో భూగర్భ రైలుమార్గపు పని జరుగుచుండగా, కూలిపోయినది. భూగర్భజలములో తడిసిన పత్రములను ఈ విధముగనే గడ్డకట్టించి కాపాడినారు. ఖమ్మములో మిరపకాయల కొరకు శీతల గిడ్డంగులున్నవి. వాటి చలి గడ్డకట్టించేటంతటిది కాకపోయినను బూజును నెమ్మదింపజేస్తుంది. ఆ రెండు దినములను పదిదినములు చేసుకొనుటకు అది పనికివస్తుంది గదా!

ఇంతవరకు చెప్పినది కాగితపు చావు. కాగితము బ్రతికియుండియు దొరకకపోవుట ఇంకొక రకపు చావు. దీనికి ఉదాహరణము కావలెనంటే ఖమ్మం విడిచి గోదావరి దాటవలెను. 1860లో నిజాము గోదావరి ఎడమగట్టు భాగమును ఆంగ్లేయులకు వదలినాడు. భద్రాచలము ప్రాంతము మొదట సెంట్రల్ ప్రావిన్సులలో చేరి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినది. 1959లో తూర్పుగోదావరి నుండి ఖమ్మం జిల్లాకు వచ్చినది. 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి, భద్రాచలము పట్టణము మాత్రము తెలంగాణలో ఉండిపోయినది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. 2022లో అవతలి మండలములు అల్లూరి సీతారామరాజు, ఏలూరు జిల్లాలలో చేరినవి. ఊరు అంగుళము కదలలేదు, కార్యాలయములు కదిలినవి. పాత నిజాము వ్రాతలు పార్శీలో, తరువాతివి ఉర్దూలో, మద్రాసు వ్రాతలు ఇంగ్లీషు, తెలుగులలో ఉన్నవి.

దీని బరువు మోసేది ఎవరు? 2006 నాటి అటవీ హక్కుల చట్టము కింద కోయ కుటుంబము తన పోడుభూమికి హక్కు అడిగినప్పుడు, 2005 డిసెంబరు 13కు పూర్వమే సాగులో ఉన్నట్లు చూపవలెను. గిరిజనేతరులైతే మూడు తరములు, అనగా 75 ఏండ్లు, చూపవలెను. పెద్దల వాఙ్మూలము కూడ సాక్ష్యమే అని నియమములు ఒప్పుకొన్నవి, మంచిదే. కాని సర్వే నివేదికలు, పటములు, అటవీశాఖ దస్త్రములు కూడ ఆ నియమములలోనే సాక్ష్యములుగ పేర్కొనబడినవి. అవి ఏ జిల్లాలో ఏ బీరువాలో ఉన్నవో చెప్పే సూచిక లేనిచో, ఊరివాడు రెండు రాష్ట్రాల మధ్య తిరుగుచుండవలెను. జిల్లా విభజన జరిగినప్పుడెల్ల బల్లలు, వాహనములు పంచుకొన్నంత శ్రద్ధగా సూచికల నకళ్ళు ఇరువైపుల ఉంచుకొనుట న్యాయము. దస్త్రములను అవి పుట్టిన కార్యాలయపు క్రమములోనే ఉంచవలెనని, కలగాపులగము చేయరాదని ఫ్రాన్సు ప్రభుత్వము 1841లోనే ఆదేశించినది. 2005 నాటి సమాచార హక్కు చట్టపు నాలుగవ సెక్షను కూడ దస్త్రములను జాబితా, సూచికలతో ఉంచవలెనని మన కార్యాలయములన్నిటికి చెప్పినది.

ఏ దస్త్రము ఉంచవలెను, ఏది పారవేయవలెను అనే విషయములో మద్రాసు నుండి వచ్చిన పాత పద్ధతిని తక్కువచేసి మాట్లాడుట తగదు. ఫైలు ముగియగానే దానిమీద ఆర్. డిస్. అని వేస్తే శాశ్వతము, డి. డిస్. అంటే పదేండ్లు, ఎల్. డిస్. అంటే ఒక ఏడు. ప్రతి కాగితమును దాచుట అంటే దేనిని దాచకపోవుటయే అని ఆ పద్ధతికి తెలుసు. దానిలోని బలహీనత వేరు: ముగించే గుమాస్తా తొందరలో ఉంటే, 2080లో అవసరమయ్యే ఫైలు మీద ‘పదేండ్లు’ అని పడుతుంది. మురుగుకాలువ పటమునకు ఆ గతి పడితే దాని కింద రోడ్డు త్రవ్వేవారికి తెలిసివస్తుంది.

స్కానింగు ఈ లోపములన్నిటిని తీర్చునని చెప్పేవారున్నారు. బొమ్మ తీయుట వేరు, దస్త్రమును కాపాడుట వేరు. వేయి పుటల బొమ్మలకు ‘001’, ‘002’ అని పేర్లు పెట్టి వదిలితే, అది విప్పని మూటయే, గుడ్డ రంగు మారినది అంతే. తెలుగు విషయములో మరొక చిక్కున్నది. యూనికోడ్ వాడుకలోనికి రాకముందు కంప్యూటరులో టైపుచేసిన తెలుగు, లోపల ఇంగ్లీషు అక్షరాల సంకేతములుగానే నిలువ ఉన్నది. ఆ ఫాంటు లేని యంత్రములో తీర్మానము తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. నూరేండ్ల నాటి ఉర్దూ దస్త్రమును ఉర్దూ తెలిసినవాడు చదవగలడు. పాతికేండ్ల నాటి ఈ తెలుగును తెలుగువాడు చదవలేడు! పోర్టల్‌లు కూడ శాశ్వతములు కావు. 2020లో వచ్చిన ధరణి స్థానమున 2025లో భూభారతి వచ్చినది. ఇట్టి ప్రతి మార్పులోను, కొత్తదానిలోని పొరపాటును పట్టుకొనుటకు పాత కాగితమే దిక్కు. కనుక స్కాను చేసినామని అసలును తీసివేయుట తగని పని.

భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు, 2022 జూలై 16న 71.3 అడుగులు అని ఈ రోజు చెప్పగలుగుట అక్కడి నీటిమట్టపు రిజిస్టరు తప్పకుండ వ్రాయబడుటచేతనే. ఏ హెచ్చరికకు ఎవరు ఇల్లు వదలవలెనో నది ఒడ్డు ఊళ్ళకు తెలుసు. మొదటి హెచ్చరికనాడు ఏ రిజిస్టరు మేడ ఎక్కవలెను, రెండవనాడు ఏది, తాళపుచెవి ఎవరి దగ్గర, నకలు ఏ ఊరిలో అనునది కూడ అట్లే ముందుగా వ్రాసి దస్త్రాల గది తలుపుకు అంటించవచ్చును. దానికి అరఠావు కాగితము సరిపోతుంది.