జానపద సంగీత శ్రవణం: ఆల్బమ్ ఎంపికలో విమర్శ

జానపద గేయాల వర్గీకరణ మీరు ఇదివరకే చదివారు. శ్రామిక గేయాలు, స్త్రీల పాటలు, కథా గేయాలు అని విభాగాలు అడిగితే మీలో చాలామంది తడుముకోకుండా రాస్తారు. నేను దిద్దిన జవాబు పత్రాల్లో ఈ పట్టిక తప్పిపోయినవి బహు తక్కువ. వాటిలో ఒక్క పాట వరుసైనా అనగలరా అంటే సందేహమే. అందుకు మిమ్మల్ని తప్పుపట్టలేం. ఆచార్య బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడిన నాటి నుంచి మన విశ్వవిద్యాలయాలు పాటను ప్రధానంగా సాహిత్యంగానే బోధిస్తూ వచ్చాయి. అచ్చులోకి మాట వచ్చింది గాని గొంతు, వాద్యం రాలేదు.

ఈ లోటును కొంత తీర్చగలిగేది శ్రవణ బృందం. మీలో కొందరు మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఉద్యోగం చేస్తూ ఈ కోర్సు చదువుతుంటారు. నలుగురైదుగురు సహోద్యోగులు కలిసి నెలకొక ఆల్బమ్ విని చర్చించుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చిక్కంతా ఎంపికలోనే ఉంది.

ముందుగా ‘ప్రపంచ సంగీతం’ అన్న పేరునే పరిశీలించండి. 1987లో లండన్‌లో కొన్ని చిన్న రికార్డు కంపెనీల వారు సమావేశమై, దుకాణంలో ఏ అరలో పెట్టాలో తెలియని రికార్డులన్నిటికీ కలిపి ఈ పేరు ఖాయం చేశారు. దానితో మాలి దేశపు గిటారు, బల్గేరియా స్త్రీల బృందగానం, పాకిస్తాన్ కవ్వాలీ పక్కపక్కన చేరాయి. 2020లో గ్రామీ పురస్కారాల వారు ఆ విభాగం పేరును ‘గ్లోబల్’ అని మార్చారు. అమ్మకానికి పనికొచ్చిన ఈ పేర్లు వినేవాడికి పెద్దగా ఏమీ చెప్పవు.

పేరు తెచ్చే అనర్థం ఎంతటిదో చూడండి. 1970 ప్రాంతంలో హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు సాలమన్ దీవుల్లో అఫునక్వా అనే స్త్రీ పాడిన జోలపాటను రికార్డు చేశాడు. అది యునెస్కో వారి శ్రేణిలో వెలువడింది. 1992లో ‘డీప్ ఫారెస్ట్’ అనే ఫ్రెంచ్ జంట ఆ గొంతును తీసుకుని, కింద యంత్రపు తాళం చేర్చి ‘స్వీట్ లాలబై’గా విడుదల చేసింది. పాట లోకమంతా మోగింది. ఆల్బమ్ ఊసంతా ఆఫ్రికా అడవుల పిగ్మీల చుట్టూ తిరగడంతో జనం దాన్ని పిగ్మీల పాటే అనుకున్నారు. 1996లో నార్వే సంగీతకారుడు యాన్ గార్బరెక్ అదే వరుసను ‘పిగ్మీ లాలబై’ అన్న పేరుతోనే వాయించాడు. పసిఫిక్ మహాసముద్రంలోని ఒక తల్లి జోల ఆఫ్రికా అడవికి చేరిపోయింది. పాట మధురంగా ఉంది కదా అని మీ బృందంలో ఎవరైనా అనవచ్చు. మధురంగానే ఉంది. ఆ మాధుర్యం ఎవరిదో చెప్పని ఆల్బమ్‌ను నేను మంచి ఆల్బమ్ అనను.

దీని పక్కన 1997 నాటి ‘బ్వేన విస్తా సోషల్ క్లబ్’ పెట్టి వినండి. అమెరికన్ గిటారిస్టు రై కూడర్ హవానాలో వృద్ధ సంగీతకారులను కూర్చి చేసిన రికార్డు ఇది. ఆయనే వారిని ‘కనుగొన్నట్లు’ సాగిన ప్రచారం నాకు రుచించదు. క్యూబాలో వారు ఏనాటి నుంచో ఉన్నవారే. అయినా ఇక్కడ ఎవరు ఏ పాట పాడారో తెలుస్తుంది. అప్పటికి బూట్లు పాలిష్ చేసి పొట్టపోసుకుంటున్న ఇబ్రహీం ఫెర్రెర్ పేరుతో 1999లో విడిగా ఒక ఆల్బమే వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడే కళాకారుడు. 2021లో విడుదలైన ‘భీమ్లా నాయక్’ సినిమా పాట ఎత్తుగడ ఆయన గొంతుతోనే. ఆ గొంతులోని గరుకుదనం, మాటకూ మాటకూ నడుమ కిన్నెర పలికే తీరు కాసేపే వినిపిస్తాయి. తర్వాత డప్పుల హోరు, సినిమా గొంతులు పాటను తీసుకుపోతాయి. కిన్నెర గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిన చుట్టంలా మిగిలింది. సినిమా పాటగా అది విజయమే, కాదనను. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో నగర శివార్లలో ఒక కట్టడం దగ్గర ఆయన కూలి పని చేస్తున్నారని పత్రికలు రాశాయి. ఫెర్రెర్ కథ, ఈ కథ ఒకే చోట మొదలై వేరువేరు దారుల్లో ఎందుకు పోయాయన్నది మీ బృందం తప్పక చర్చించవలసిన ప్రశ్న.

ఆల్బమ్‌లో ఇమడని కళలూ ఉన్నాయి. ఒగ్గు కథ రాత్రంతా సాగుతుంది. ప్రధాన కథకుడికి వంతలు అందించే మాట, డోలు దెబ్బ, జనం కేక అన్నీ కలిస్తేనే మల్లన్న కథ. నాలుగు నిమిషాల ముక్కను విని ‘బీట్ బాగుంది’ అంటే అది డోలు గురించిన అభిప్రాయమే, కథ గురించి కాదు. ఇటువంటి వాటికి నిడివిగల ప్రదర్శన రికార్డును ఎంచుకోండి. రెండు నెలలు పట్టినా ఫరవాలేదు.

మొదటి సమావేశానికి నా సూచన: మొగిలయ్య కిన్నెర ఒక్కటే వినిపించే రికార్డింగును ముందు రెండుసార్లు వినండి. ఆ తర్వాత సినిమా పాట వినండి. కిన్నెర వినిపించడం ఎక్కడ ఆగిందో గడియారం చూసి రాసుకురండి.