నందన నుండి నందనకు

పోర్చుగల్ దేశమున దోరో నదీలోయలోని ద్రాక్షతోటలు పలకరాతి కొండచరియలను మెట్లుమెట్లుగా తొలిచి నాటినవని చదివినపుడెల్ల అహోబిలవాసినగు నాకు మా నల్లమలయే మనసున మెదలుచుండును. ఈ కొండల కావలివైపున మార్కాపురపు పలకలు తీయుదురు. మా తరమువారు ఓనమాలు దిద్దినది వానిమీదనే. మనకు పడమటి కనుమలవలె దోరోలో మరావు పర్వతము సముద్రమేఘములను నిలిపివేయుటచేత, వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండలో ద్రాక్షతీగ పలకల సందులగుండ నీటికై లోతునకు వేళ్లు పంపి బ్రతుకును.

ఆ ద్రాక్షరసము పులియుచుండగా, తీపి ఇంకను మిగిలియుండగనే, 77 శాతపు ద్రాక్షసారాయి చేర్చి పులియుటను ఆపుదురు. అదియే పోర్టు, కొయ్యపీపాలలో ఏండ్లతరబడి నిలిచి ఎరుపు విడిచినది టానీ. సీసాపై 10, 20, 30, 40 అని సంఖ్య గల టానీలు పెక్కేండ్ల రసములను నేర్పుతో కూర్చినవి. ఒక ఏటి కొరతను మరియొక ఏడు పూరించును. కొల్యైటా అను టానీ అట్టిది కాదు. ఒక్క ఏటి పంటయే కనీసము 7 ఏండ్లు, ఒక్కొక్కపుడు అర్ధశతాబ్దమునకు మించి, పీపాలో ఉండి, ఆ ఏటి ఎండవానల మంచిచెడ్డలన్నిటికి తానొక్కటియే పూచీ వహించును. నాకు దానియందు గల గౌరవమునకు మూలమిదియే.

దాని చీటిపై రెండు సంవత్సరములుండును: పంట కోసినది ఒకటి, సీసాలో పోసినది వేరొకటి. కొనువారు మొదటిదానినే చూచి మురియుదురు గాని, రెండవదియు అంత ముఖ్యమే. ఏలయన పరిపాకమంతయు కొయ్యలోనిదే, సీసాలో దాదాపు నిలిచిపోవును. ఒకే పంట 20 ఏండ్లకు దించినచో ఒక రుచి, 50 ఏండ్లకు దించినచో మరియొక రుచి. గ్రాహమ్స్ సంస్థవారు 1952 నాటి పంటను ఎలిజబెత్ రాణి పాలనకు 60 ఏండ్లు నిండిన సందర్భమున 2012లో వెలువరించిరి. మన పంచాంగము తెరచి చూచిన, ఆ ద్రాక్ష కోసినది నందన నామ సంవత్సరమున. 2012 ఉగాదితో తిరిగి వచ్చినదియు నందనయే. షష్టిపూర్తి విలువ ఎరిగిన మనకు ఆ పీపా నిరీక్షణ వేరుగ వివరింప నక్కరలేదు.

క్షేత్రవాసికి మద్యప్రసంగమేల యని అడుగువారుందురు. క్షేత్రమున దానిని ముట్టను. అయినను ఆసవారిష్టములు పాతబడిన కొలది గుణవంతములగునని చెప్పిన వైద్యశాస్త్రము మనదే గదా! లండనులో మేనల్లుని ఇంట భోజనానంతరము నేను కొల్యైటాను చవిచూచితిని. తెల్లని గుడ్డపై గ్లాసును వంచి చూడగా నడుమ ముదురుతేనె వన్నె, అంచున సన్నని పచ్చనిజాడ. వాసనలో నారింజతొక్క, అక్రోటు, ఎండుద్రాక్ష. నాలుకపై తీపి పరచుకొనునంతలో పులుపు వచ్చి దానిని మట్టుపరచును. ఆ పులుపు లేనిచో అది వట్టి పానకము. మన ఎండలకు వేడెక్కనిచ్చిన సారాయి ఘాటు ముక్కునకెక్కి తక్కినవన్నియు మరుగుపడును గనుక, 14 డిగ్రీల వరకు చల్లబరుపవలెను. మడ్డి పీపాలోనే నిలిచిపోవుటచే వడబోత పనిలేదు. మూత తీసినను కొన్ని వారములు చెడదు. తొందరపడక చిన్నగ్లాసుతో నొక్కమారు చాలును.