మంచు తాగిన అనపకాయ

మన ఆలంకారికులు వసంతానికి పెద్దపీట వేశారు. వెన్నెల, మలయమారుతం, కోయిల కూత ఉంటే ఉద్దీపనకు చాలన్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో మార్గశిర పుష్యాలు గడిపినవాళ్లు మాత్రం ఆ వరుసలో చలిని కూడా చేర్చమంటారు. రుజువేదని అడిగితే దోసెడు అనపకాయలు చేతిలో పోస్తారు.

ఈ మూడు ఊళ్లూ మైసూరు పీఠభూమి అంచున ఉన్నాయి. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటే, దాపునే ఉన్న హార్సిలీ కొండ 1,265 మీటర్లు. కార్తీకంలో పట్టుకున్న చలి శివరాత్రి దాకా వదలదు. పొద్దెక్కినా చెరువుకట్ట మంచులోంచి బయటపడదు. కోస్తావాళ్లు పలుచటి దుప్పటితో గట్టెక్కే రోజుల్లో ఇక్కడ కంబళి కప్పుకున్నా మునగదీసుకోక తప్పదు.

ఈ చలికోసమే కాచుకునే చిక్కుడు జాతి మొక్క అనప. తొలకరి తర్వాత రాగిచేలో, వేరుశనగ చేలో సాళ్లుగా వేస్తారు. నాటురకాలు పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్లూ ఆకు వేసుకుంటూ కూర్చుంటాయి, పొద్దు కురచయ్యాకే పూతకొస్తాయి. తోటి పైర్లు కోతలైపోయి చేను బోసిపోయేవేళ తెల్లగా, ఊదాగా గెలలు పైకెత్తుతాయి. వెలుగు తరిగేకొద్దీ పూసే ఈ మొక్కను చూశాక నాకు నాట్యశాస్త్రం చెప్పిన భరతుడితో చిన్న పేచీ వచ్చింది. ఆయన చెప్పిన స్థాయీభావాల్లో ఆశ లేదు. ఉండాల్సింది.

కాయ చేతికి జిడ్డుగా అంటుతుంది. ఆ జిడ్డులోనే దాని పరిమళం. మంచు పడేకొద్దీ వాసన ముదురుతుందని రైతుల మాట. మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న కుప్పంలో బేరం తెలుగులో మొదలై తమిళంలోకో కన్నడంలోకో జారిపోవచ్చు. ఏ భాషవాళ్లయినా ముందు గుప్పెడు కాయలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటారు.

ఇక ఇంటి పని. కాయలు ఒలిచి గింజల్ని నీళ్లలో నానేస్తారు. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి పితికితే, తోలు వేళ్లలో మిగిలి, లేతాకుపచ్చ పప్పు చేప పిల్లలా ఎగిరి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. ఒక్కరు కూర్చుంటే తెమిలే పని కాదు. అవ్వ, కోడళ్లు, బడి నుంచి వచ్చిన పిల్లలు, పక్కింటి పిన్నమ్మ ఒకే గిన్నె చుట్టూ చేరతారు. వేళ్లు పనిచేస్తుంటే నోళ్లకు తీరికే. ఊళ్లో సంగతులన్నీ గిన్నె నిండేలోగా ఒకసారి తిరిగొస్తాయి.

కొబ్బరి, ధనియాలు, ఎండుమిరప, తెల్లగడ్డ నూరి వేసి ఉడికిస్తే ఆ వాసన వీధి మలుపు దాకా వెళుతుంది. పొగలు కక్కే రాగిసంగటి ముద్ద నడుమ గుంట చేసి కూర పోసుకోవాలి. పుంగనూరు పొట్టి ఆవులు ఇప్పుడు అరుదు. దాదాపు మూడడుగుల ఎత్తుండే ఆ ఆవు పాలలో వెన్న ఎక్కువ. ఆ నెయ్యి దొరికిన ఇంట ముద్దమీద పేరునెయ్యి కరిగి పారుతుంటే చూడటం మరో భోగం. వణుకునూ గగుర్పాటునూ శాస్త్రం సాత్త్విక భావాల్లో లెక్కించింది, చెమటనూ కన్నీటినీ కూడా. ఇక్కడ మొదటి రెండూ చలి తెస్తుంది. తక్కిన రెండూ కూరలోని కారం తెస్తుంది. ఒక్క పూట భోజనంలో అవి నాలుగూ ఒకదాని వెంట ఒకటి ఒంటిమీద నడిచిపోతాయి.

ఈ చలిగాలికి ఇంకో చరిత్రా ఉంది. చల్లని పొడిగాలిని నమ్ముకునే 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం తెరిచారు. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నడిపారు. స్ట్రెప్టోమైసిన్ మందు రానన్నాళ్లూ ఆ జబ్బుకు చికిత్సంటే మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి. అందరూ కోలుకుని ఇళ్లకు వెళ్లలేదు. కానీ పల్లెలో కాయకు పరిమళమిచ్చిన చలి, అక్కడ మంచం పట్టిన మనిషికి రేపటిమీద నమ్మకమిచ్చింది. రెండింటిలోనూ పని చేసింది ఓపికే. అనప పొద్దు తగ్గేదాకా ఆగింది, రోగి బలం వచ్చేదాకా ఆగాడు.

ఇప్పుడు పితికిన పప్పే పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. తీరికలేనివాళ్లు కొనుక్కోవచ్చు, తప్పులేదు. అయితే దాంతో కూర వస్తుంది గానీ, గిన్నె చుట్టూ గడిచే ఆ సాయంత్రం రాదు. రసమంతా ఉన్నది అందులోనే. అందుకని ఈ సీమకు రావాలనుకునేవాళ్లు సంక్రాంతికి అటూఇటుగా రండి. ఒలవని కాయలే కొనండి. ఇంట్లోవాళ్లందర్నీ కూర్చోబెట్టి ఒలిపించండి. ఆలస్యం చేయకండి, చలి పోతే అనపకాయ కాలమూ పోతుంది.