నియంత నీడలో వేగుల అధిపతి: వర్గాస్ యోసా రెండు నవలల తులనాత్మక పరిశీలన

ప్రవేశిక

నియంతను కేంద్రంగా చేసుకొని లాటిన్ అమెరికాలో వెలువడిన నవలలు ఒక ప్రత్యేక శాఖగా గుర్తింపు పొందాయి. వాటిపై వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం నియంత పాత్ర చుట్టూనే తిరిగింది. అయితే నియంత ఆజ్ఞను పౌరుని ఇంటి గుమ్మం దాకా చేర్చేవాడు రహస్య పోలీసు అధిపతి. పెరూ రచయిత మారియో వర్గాస్ యోసా (1936-2025) ఈ పాత్రను ప్రధానంగా రెండు నవలల్లో చిత్రించాడు. 1969లో వెలువడిన ‘కాన్వర్సేషన్ ఇన్ ది కథీడ్రల్’లో కాయో బెర్ముదెస్, 2000లో వెలువడిన ‘ది ఫీస్ట్ ఆఫ్ ది గోట్’లో జానీ అబ్బెస్ గార్సియా అటువంటివారు. ఇలాంటి అధికారి బలం అతని క్రౌర్యం కంటే, అతని సేవలు అవసరమైనవారి సంఖ్యపైనే ఎక్కువగా ఆధారపడుతుందని ఈ నవలలు చూపుతాయి. ఆ చిత్రణ ఎక్కడ బలపడిందో, ఎక్కడ సడలిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాయో బెర్ముదెస్: గుమాస్తా రూపంలో భయం

పెరూలో జనరల్ మాన్యుయెల్ ఒద్రియా పాలన 1948 నుండి 1956 వరకు సాగింది. ఆ ప్రభుత్వంలో అంతర్గత భద్రతను నడిపిన అలెహాంద్రో ఎస్పార్సా సన్యార్తు అంతకుముందు ద్రాక్షసారా వ్యాపారి. శాన్ మార్కోస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో వర్గాస్ యోసా ఈయనను ఒకసారి కలిశాడు. జైలులో నేలమీద పడుకుంటున్న తోటి విద్యార్థులకు దుప్పట్లు అందజేయడానికి అనుమతి కోరుతూ వెళ్ళిన విద్యార్థి బృందంలో ఆయన ఒకడు. అంతటి భయానికి మూలమైన మనిషి అతి సామాన్యంగా కనిపించడమే నవలకు బీజమైందని రచయిత తరువాత చెప్పుకొన్నాడు.

ఈ సామాన్యతే కాయో పాత్రకు జీవం. చించా పట్టణంలో వ్యాపారం చేసుకొనే అతణ్ణి, చిన్ననాటి సహాధ్యాయి అయిన ఒక సైనికాధికారి రాజధాని లీమాకు రప్పించి పదవిలో కూర్చోబెడతాడు. కాయోకు సిద్ధాంతం లేదు, వక్తృత్వం లేదు. ఎవరి బలహీనత ఏమిటో తెలుసుకొని దాచుకోవడమే అతని విద్య. సమ్మెలు అణచడానికి, విద్యార్థి సంఘాలను చీల్చడానికి, పత్రికలను లొంగదీయడానికి ఈ విద్యే సరిపోతుంది.

కథనపద్ధతి కూడా దీనికి అనుగుణంగా ఉంది. పాత్రికేయుడు సాంతియాగో సవాలా, ఒకనాడు కాయో దగ్గర డ్రైవరుగా పనిచేసిన అంబ్రోసియో ‘కథీడ్రల్’ అనే సారాదుకాణంలో కూర్చొని గంటల తరబడి మాట్లాడుకుంటారు. ఆ సంభాషణలోకి ఇతర కాలాల, ఇతర స్థలాల సంభాషణలు వచ్చి కలుస్తాయి. అందువల్ల పాఠకుడు కాయోను ఎక్కువగా ఇతరులతో అతనికున్న లావాదేవీల్లోనే చూస్తాడు. సాంతియాగో తండ్రి ఫెర్మీన్ వంటి సంపన్నులు కాయోను తమ సరసన నిలబడదగినవాడిగా భావించరు. కానీ ప్రభుత్వం వల్ల కలిగే లాభం వదులుకోరు. అరెకీపా నగరంలో తిరుగుబాటు చెలరేగి ప్రభుత్వానికి అతడు భారమైనప్పుడు, కాయో పదవి పోతుంది. అతణ్ణి వాడుకొన్న వర్గం స్థానం చెక్కుచెదరదు.

నవల వెలువడ్డాక ఎస్పార్సా సన్యార్తు స్పందన గమనించదగినది. తనను సంప్రదించి ఉంటే ఇంకా ఆసక్తికరమైన సంగతులు చెప్పి ఉండేవాడినని ఆయన అన్నట్లు రచయిత పలుమార్లు ప్రస్తావించాడు. ఆ మాటలో పశ్చాత్తాపం లేదు. పాత ఉద్యోగి తన కొలువును తలచుకొనే తీరు ఉంది. నవల పట్టుకొన్న సత్యం కూడా అదే.

జానీ అబ్బెస్: సహాపరాధుల సృష్టి

డొమినికన్ రిపబ్లిక్‌ను రఫాయెల్ ట్రుహీయో 1930 నుండి 1961లో హత్యకు గురయ్యేవరకు శాసించాడు. గుర్రప్పందేల విలేకరిగా జీవితం మొదలుపెట్టిన అబ్బెస్, ప్రవాసుల మీద నిఘా వేసి నియంత దృష్టిలో పడి, సైనిక గూఢచార సంస్థకు అధిపతి అయ్యాడు. ఆ సంస్థ నల్ల ఫోక్స్‌వాగన్ కార్లు వీధిలో కనిపిస్తే చాలు, జనం మాటలు ఆపేవారు. 1960 జూన్‌లో వెనెజులా అధ్యక్షుడు రోములో బెతాంకుర్ మీద కారాకస్‌లో జరిగిన బాంబుదాడి, అదే ఏడాది నవంబరు 25న మిరాబల్ అక్కచెల్లెళ్ళు ముగ్గురి హత్య ఈ కాలానివే. అక్కచెల్లెళ్ళను, వారి డ్రైవరును కొట్టి చంపి, కారును లోయలోకి తోసి ప్రమాదంగా చూపబోయారు. స్త్రీలపై హింస నిర్మూలనకు ఐక్యరాజ్యసమితి ఎంచుకొన్న దినం ఆ తేదీయే.

నవలలో అబ్బెస్ సంస్థ స్వభావాన్ని అత్యంత స్పష్టంగా తెలిపే ఘట్టం చిత్రహింసల గదిలో జరగదు. నియంత అంగరక్షక దళానికి చెందిన అమాదో గార్సియా గెర్రెరోకు విధేయతా పరీక్ష పేరిట ఒక ఖైదీని కాల్చవలసి వస్తుంది. మృతుడు తాను పెళ్ళాడదలచిన యువతి సోదరుడని తరువాత తెలుస్తుంది. శత్రువును చంపడం కంటే మిత్రుణ్ణి సహాపరాధిగా మార్చడం ఈ వ్యవస్థకు ముఖ్యం. అయితే ఆ పరీక్షే అమాదోను ట్రుహీయో హంతకుల బృందంలో చేర్చుతుంది. భయం విధేయతనే కాదు, ప్రతీకారాన్నీ పెంచుతుందని ఈ కథాంశం నిరూపిస్తుంది.

చిత్రణలోని పరిమితి

అబ్బెస్ పాత్రకు రచయిత వికర్షణ కలిగించే శరీరాన్ని, హింసలో ఆనందించే స్వభావాన్ని ఇచ్చాడు. దీనివల్ల పాఠకునికి ఒక సౌలభ్యం చిక్కుతుంది: నేరం ఒక వికృత వ్యక్తిది, మిగిలినవారు నిస్సహాయులు. కాయో విషయంలో ఈ సౌలభ్యం లేదు. ఈ దృష్టితో చూస్తే తొలి నవలే లోతైనది.

అయితే మలి నవలలోనే ఈ లోపానికి కొంత సవరణ ఉంది. నియంత అనుగ్రహం తిరిగి పొందడానికి సెనేటర్ కబ్రాల్ తన పద్నాలుగేళ్ళ కుమార్తె ఊరానియానే పంపిస్తాడు. అతణ్ణి ఆ పనికి ఏ పోలీసూ బలవంతం చేయడు. కవి, మృదుభాషి అయిన అధ్యక్షుడు హోకిన్ బలగేర్, నియంత మరణానంతరం అబ్బెస్‌ను దౌత్యపదవి మిషతో జపానుకు సాగనంపుతాడు. చరిత్రలోనూ ఇది జరిగింది. అబ్బెస్ చివరకు హైతీ నియంత దువాలియే కొలువులో చేరి, అక్కడే చంపబడ్డాడని చెబుతారు. బలగేర్ మాత్రం ఆ తరువాత దశాబ్దాలపాటు ఎన్నికల రాజకీయాల్లో కొనసాగి పలుమార్లు అధ్యక్షుడయ్యాడు.

ముగింపు

రెండు నవలల్లోనూ వేగుల అధిపతి బయటినుండి తేబడినవాడు, అవసరం తీరాక బయటికి పంపబడినవాడు. అతని నిష్క్రమణతో పాపప్రక్షాళన జరిగినట్లు చూపుకొనే వర్గాన్ని కూడా బోనులో నిలపడం ఈ నవలల ప్రధాన సాధన. కాయో పాత్రలో ఆ పని పాత్రచిత్రణ ద్వారానే నెరవేరింది. అబ్బెస్ విషయంలో కబ్రాల్, బలగేర్ పాత్రల తోడు అవసరమైంది. కనుక అబ్బెస్‌ను విడిగా ఒక క్రూరుని చిత్రంగా చదవడం నవలకు అన్యాయం చేయడమే. ఊరానియా ముప్పైఅయిదేళ్ళ తరువాత స్వదేశానికి తిరిగివచ్చి నిలదీసేది అబ్బెస్‌ను కాదు, మాట పడిపోయి మంచంపట్టిన కన్నతండ్రిని. విమర్శ కూడా ఆ ప్రశ్న వెంటనే నడవాలి.