ముద్రిక, బంతి, బొంగరము: ఉత్కంఠాచిత్రముల యారంభదృశ్యవిచారము

ఉత్కంఠ ప్రధానముగా గల చలనచిత్రమును లోకమున థ్రిల్లరని వ్యవహరింతురు. అట్టి చిత్రముయొక్క తొలి రెండు నిమిషములను మాత్రమే కల్పించి, దృశ్యములుగా విభజించి, చిత్రించి చూపుట నేడు విద్యార్థుల కొక యభ్యాసమైనది. ఇంగ్లండులో మాధ్యమశాస్త్రము చదువు విద్యార్థులకు రెండు నిమిషములకు మించని చిత్రారంభమును నిర్మించుట యొక పరీక్షాంశముగా నుండెను. చేతిలోని ఫోనుతోనే చిత్రము తీయగల యీ దినములలో నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతముల విద్యార్థులకును ఆ యభ్యాసము దూరము కాదు. కావున ఆరంభదృశ్యముల కూర్పును గూర్చి సాహిత్యదృష్టితో విచారించుట యప్రస్తుతము కానేరదు.

ఇట్టి ప్రయత్నములలో తరచుగా గానవచ్చు లోపమొకటి కలదు. చీకటి, ముసుగు, పరుగు, కత్తి, నెత్తురు: ఈ యైదింటిని జేర్చినచో భయము పుట్టునని పలువురి తలంపు. కథ పల్నాటిదైనచో కత్తి మరికొంత పెద్దదగును. ఇది కారణమునకు మారుగా కార్యమును జూపుట. నాట్యశాస్త్రపు ఆఱవ యధ్యాయమున భరతుడు భయానకరసమునకు విభావములను జెప్పుచు వికృతధ్వనిని, నక్కల వలనను గుడ్లగూబల వలనను గలుగు త్రాసమును, శూన్యగృహమును, అరణ్యమును బేర్కొనెను. స్వజనుల వధబంధములును ఆ పట్టికలో నున్నవి. అయినను వానిని కన్నులార జూచుటయే కాదు, వినుటయు విభావమేయని యాతడు గ్రహించెను. శూన్యగృహము ఎవ్వరిని చంపదు. ఉండవలసినవారు లేరని మాత్రము తెలుపును. ఆరంభమున భయమునకు మూలము ఈ లేమియే.

సంస్కృతనాటకములలో నీ రహస్యమును బాగుగా నెఱిగినవాడు విశాఖదత్తుడు. ముద్రారాక్షసపు ప్రస్తావనలో సూత్రధారుడు చంద్రగ్రహణప్రసంగము చేయగా, తెరలోపలినుండి చాణక్యుడు దానిని చంద్రగుప్తునకు గలుగు నపాయముగా గ్రహించి కోపముతో బ్రవేశించును. పిమ్మట చారుడు వచ్చి యొక చిన్న సంగతి చెప్పును. చందనదాసుని యింట నొక బాలుడు వాకిటికి రాగా, లోపలి స్త్రీ యాతనిని పట్టుకొని లోనికి లాగుకొనెను. ఆ తొందరలో ఆమె వ్రేలినుండి ఉంగరము జారి, దొర్లి, చారుని పాదములకడ నిలిచెను. అది రాక్షసుని ముద్రిక. ఇందు హత్య లేదు, ఆయుధము లేదు. ఉన్నది ఒక గడప, ఒక శిశువు, జారిపోయిన యుంగరము. ఆ ముద్రికతోనే చాణక్యుడు కూటలేఖకు ముద్ర వేయించును. అయిదవ యంకమున రాక్షసునకును మలయకేతునకును వియోగము గల్పించునది యా లేఖయే. లాక్షణికులు చెప్పు బీజమునకు ఇంతకన్న స్పష్టమైన రూపము దొరకుట యరుదు.

ఇదే న్యాయము 1931వ సంవత్సరమున జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ నిర్మించిన 'ఎమ్' అను చలనచిత్రమునను గానవచ్చును. పిల్లలు వలయముగా నిలిచి హంతకుని గూర్చిన పాట పాడుచు ఆడుకొందురు. ఎల్సీ యను బాలిక బంతిని నేలకు గొట్టుచు బడినుండి వచ్చుచుండును. ఆ బంతి యొక స్తంభమునకు తగులును. దానిపై హంతకుని పట్టించినవారికి బహుమాన మిత్తుమను ప్రకటన యున్నది. ఆ ప్రకటనమీద నొక పురుషుని నీడ పడును. ఇంట తల్లి భోజనమమర్చి యెదురుచూచుచుండును. ఖాళీ మెట్లు, ఖాళీ యటుక, ఎవ్వరును గూర్చుండని కుర్చీ వరుసగా గానవచ్చును. తరువాత బంతి యొక్కటియే పొదలనుండి దొర్లివచ్చి యాగును. బాలికకు గొనియిచ్చిన బెలూను తీగలలో జిక్కుకొనును. హత్య కంటికి గానరాదు. కాని ప్రేక్షకునకు సర్వము తెలిసినది. హంతకుడు వేసిన యీల స్వరము కథాంతమునకు బీజము: బెలూనులమ్ము గ్రుడ్డివాడు ఆ స్వరమునుబట్టియే యాతని గుర్తించును.

ఉంగరము దొర్లినది, బంతి దొర్లినది. రెండును గుండ్రని చిన్న వస్తువులు. రెండును శిశువునకు సంబంధించినవి. చేయి విడిచిన పిమ్మట రెండింటికిని యజమాని లేడు. చేతిలోనిది చేయి దాటుటయే యుత్కంఠకు ప్రథమలక్షణము. పల్నాటికథలో నిట్టి వస్తువున్నదా యని వెదకనక్కఱలేదు. బాలచంద్రుని బొంగరము పల్నాట నెఱుగని వారుండరు.

పండ్రెండవ శతాబ్దిలో జరిగిన యుద్ధమును వస్తువుగా గొని, శ్రీనాథకృతముగా ప్రసిద్ధి గాంచిన పల్నాటి వీరచరిత్రమను ద్విపదను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911వ సంవత్సరమున బ్రకటించిరి. బ్రహ్మనాయుడు మొదలగు పెద్దలు కార్యమపూడికి యుద్ధమునకు వెడలిరి. బాలుడు తోడివారితో బొంగరములాడుచుండెను. విసరిన బొంగర మొక స్త్రీ పాదమునకు దగిలి గాయపఱచెను. ఆమె బాధతో, పెద్దలు రణమున నుండగా నీకిచట ఆటలా యని నిందించెను. ఆ మాటతో ఆట ముగిసినది. బాలుడు రణమునకు గదలెను. ఇచట గాయములు రెండు: బొంగరము పాదమునకు జేసినది యొకటి, మాట హృదయమునకు జేసినది రెండవది. మొదటిది మానును. రెండవది యెందఱినో బలిగొనెను. ఈ రెండు గాయముల నడుమనున్న క్షణమే పల్నాటి విద్యార్థి చిత్రమునకు దగిన యారంభము.

ఇక దృశ్యవిభజనము. మొదటిది స్థలము. పల్నాట నాపరాయి సమృద్ధము. నేల పరుపునకును గోడకును అదియే. ఇరువైపుల రాతిగోడలు గల యిఱుకుసందు ఖర్చులేని రంగస్థలము. రెండవది వెలుగు. రాత్రి యనావశ్యకము. మధ్యాహ్నపుటెండలో నీడ పాదములక్రిందనే యడగియుండును. దాగుటకు చోటు లేదు. దాగుటకు చోటులేనిచోట పుట్టు భయము చీకటి భయముకన్న బలవత్తరము. అయితే లేతవన్నె రాయి వెలుగును ప్రతిఫలింపజేయును. నీడకు తగినట్లు కెమెరాను సవరించినచో రాయి తెల్లబడి యాకృతి పోవును. రాతికే తగినట్లు వెలుగును స్థిరపఱచినచో ముఖములు కొంత నల్లబడును. ఆ నలుపు కథకు మేలే చేయును.

మూడవది దృష్టిస్థానము. కెమెరా మనుష్యుని కన్నుల యెత్తున గాక బొంగరపు టెత్తున, నేలకు జేరువగా నుండవలయును. అప్పుడు ప్రేక్షకునకు ముఖములు గానరావు. పాదములు మాత్రమే కానవచ్చును. మొదట జనశూన్యమైన సందు. పిమ్మట త్రాటిని బొంగరమునకు జుట్టు వ్రేళ్లు. ఆ తరువాత సందు రెండవ కొననుండి వచ్చు స్త్రీ పాదములు. బాలుడు వానిని జూడడు, ప్రేక్షకుడు చూచును. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఫ్రాన్స్వా త్రుఫోతో సంభాషించుచు వివరించిన భేద మిదియే: బల్లక్రింద బాంబున్నదని ప్రేక్షకునకు ముందే తెలిసినచో ఉత్కంఠ, తెలియక ప్రేలినచో క్షణమాత్రపు విస్మయము. వ్రేళ్లు, పాదములు, మరల వ్రేళ్లు, మరల పాదములు: ఈ పర్యాయము క్రమముగా పొట్టిదగుచు రావలయును.

నాల్గవది వర్ణము. రాయి బూడిదవన్నె, వస్త్రములు వెలిసిన వన్నె. బొంగర మొక్కటియే యెఱుపైనచో నెత్తురు చూపనక్కఱలేదు. త్రాడు విడిచిన పిమ్మట బొంగరము కెమెరాకు గానరాని వైపునకు బోవలయును. కేక వినబడును. బొంగరము మెల్లగా దొర్లుచు తిరిగివచ్చి రాతిపై నొఱగును. అప్పుడు మాత్రమే స్త్రీ ముఖము తొలిసారి కానవచ్చును, మాటయు వినబడును. ఆ మాట యేదో విద్యార్థి తన కథనుబట్టి యెన్నుకొనవచ్చును; కాని యది యొక్క వాక్యమును మించరాదు. చిత్రనామము ఆ వాక్యము పిమ్మట, జనశూన్యమైన సందుపై, చిన్న యక్షరములలో రావలయును. ఇంతయు ఎనిమిది పది షాట్లలో ముగియును. ప్రతి షాటునకు ముందుగా కాగితముపై నొక గడి గీసి, అందు పాదము ఎటనుండి యెటకు బోవునో బాణపు గుర్తుతో సూచించినచో, చిత్రించునాడు కాలము వృథా కాదు.

కథను మొదటినుండి చెప్పక నడుమనుండి యెత్తుకొనుట తగునా యను శంక కలుగవచ్చును. దీనికి కారెంపూడిలో కార్తికమాసమున జరుగు వీరుల యుత్సవమే సమాధానము. అయిదు దినముల యా యుత్సవమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అను క్రమము కలదు. కథలో కోడిపందెము ముందు, దాని ఫలముగా వనవాసము, పిమ్మట రాయబారము. ఉత్సవమున రాయబారము రెండవనాడు, కోడిపోరు నాల్గవనాడు, దాని మరునాడే కళ్లిపాడు. కలహమునకు హేతువైన దృశ్యము చివరి దినమును ఆనుకొని యుండుటచే, పందెమునకును పతనమునకును నడుమ నొక్కరాత్రి వ్యవధి మాత్రమే మిగులుచున్నది. కాలక్రమము వేఱు, దృశ్యక్రమము వేఱు అను సంగతి పల్నాటి ప్రజలకు క్రొత్త కాదు.

మఱియొక యాక్షేపము గౌరవవిషయకము. కారెంపూడి వీరులు పూజార్హులు. వారి యాయుధములు నేటికిని అర్చింపబడుచున్నవి. వారి కథను వినోదచిత్రమున కుపయోగించుట యపచారమని కొందఱనవచ్చును. ఈ యాక్షేపము త్రోసిపుచ్చదగినది కాదు. పల్నాటి యుద్ధము 1947లోను 1966లోను సంపూర్ణచిత్రములుగా వచ్చినది. మొదటిదానిని గూడవల్లి రామబ్రహ్మము ప్రారంభింపగా, ఆయన మరణానంతరము ఎల్.వి. ప్రసాదు పూర్తిచేసెను. అట్టి మహావస్తువును రెండు నిమిషములలో నిముడ్చుట విద్యార్థికి సాధ్యమును గాదు, ఉచితమును గాదు. ఆతడు గ్రహింపవలసినది వీరుల నామములు గావు, ఆ కథ నిర్మాణము. నేటి బాలుడు, నేటి సందు, నేటి మాట చాలును.

ఆయుధములను పూజించు పల్నాడు వేఱు, కత్తి ఝళిపించు పల్నాడు వేఱు. రెండవదానినే పదేపదే చూపినచో, 2022వ సంవత్సరమున నరసరావుపేట ముఖ్యపట్టణముగా జిల్లాయైన యీ సీమ పేరు వినగానే పరులకు రక్తమే స్ఫురించును. ఆ సీమ బిడ్డలే తమ తొలిచిత్రమును కత్తితో ప్రారంభించినచో ఆ యపోహకు సాక్ష్యము తామే పలికినవారగుదురు. బొంగరముతో ప్రారంభించినచో నొక యాట, ఒక యజాగ్రత్త, ఒక పరుషవాక్యము వినాశమునకెట్లు దారితీయునో చూపినవారగుదురు. పల్నాటి కథ తరతరములుగా చెప్పుచున్న నీతియు నదియే. ముద్రారాక్షసమును బోధించు పండితులు ఆ యుంగరము దొర్లిన ఘట్టమును తరగతిలో నొక దినము దృశ్యములుగా విభజింపజేసినచో, విద్యార్థులకు నాటకమును అవగతమగును, చిత్రరచనయు నలవడును.